పడమటి అద్దం పక్క టేబుల్

మా కంపెనీ హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో ఉండేది. ఇంజెక్షన్ సూదిని దాని ప్లాస్టిక్ మొదలులో అతికించే గదిలో నాణ్యత చూడడం నా పని. జిగురు ఎక్కువైతే సూది రంధ్రం పూడుకుపోతుంది, తక్కువైతే సూది ఊడుతుంది. అది ఊడేది మనిషి ఒంట్లో. అందుకే నా నోటికి అక్కడ ఎప్పుడూ పనుండేది.

ఆ జిగురు గాలికి ఆరదు, ప్రత్యేకమైన దీపం వెలుగు పడితేనే గట్టిపడుతుంది. ఎండకూ గట్టిపడుతుంది కనుక గది అద్దాలకు పసుపు పొర అంటించి ఉంచేవాళ్లం. నేను సెలవులో ఉండగా కొత్త మేనేజరు దాన్ని పీకించేశాడు. తిరిగొచ్చేసరికి గది తళతళలాడుతోంది, మధ్యాహ్నం షిఫ్టులో జిగురు పెట్టే ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

"రేపటి సంది రావద్దంటున్నరు మేడమ్. నా సూదులే ఊడుతున్నయంట. గదే మిషిను, గదే జిగురు. నేనేం జేసిన?"

మేనేజరు దగ్గరికి వెళ్లి అడిగాను.

"పొద్దుటి షిఫ్టు సూదులు ఊడట్లేదండి. ఈవిడవే ఊడుతున్నాయి. ఇంకేం రుజువు కావాలి?"

"మధ్యాహ్నం ఎండ ఏ వైపు నుంచి వస్తుందో చూశారా? నోటీసు ఇచ్చేదేదో సూర్యుడికివ్వండి."

"ఆ పసుపు పొరతో కామెర్ల వార్డులా ఉండేదండి. క్లయింట్లు వస్తారు కదా!"

"రానివ్వండి. వాళ్లకూ సూదులు ఊడదీసి చూపిద్దాం."

ఆమె టేబుల్ పక్కనున్న పడమటి అద్దానికి అట్టపెట్టెలు చింపి అంటించాను. జిగురు దిగే సన్నటి గొట్టాన్ని మార్పించాను. పాతది పొద్దున బిగించిందే అయినా, దాని కొనలో జిగురు అప్పుడే ఎండకు జున్నులా పేరుకుని, సూదికి చాలినంత దిగట్లేదు. ఆమెనే కూర్చోబెట్టి ఒక ట్రే నిండా సూదులు చేయించాను. ఆ సూదులను లాగే పరీక్షకు మేనేజరునే పిలిచాను. ఒక్కటీ ఊడలేదు. ఆయన మరొకటి తీసి పెట్టాడు. అదీ ఊడలేదు.

"సరేనండి, ఆవిడ్ని ఉండమనండి," అన్నాడు.

"నాతో కాదు, ఆమెతో చెప్పండి."

చెప్పాడు. గొంతు చిన్నదైనా చెప్పాడు.

ఆ వారంలోనే పసుపు పొర మళ్లీ వచ్చింది. సాయంత్రపు వెలుగులో అందరి ముఖాలూ, మేనేజరు తెల్లచొక్కా కూడా పచ్చగా కనిపించాయి. ఆమె తన టేబుల్ దగ్గర తల ఎత్తకుండానే అంది:

"సార్‌కు నలుగు పెట్టినట్టే ఉంది మేడమ్. ఇగ పెండ్లి ఎప్పుడంట?"

"ముందు ట్రే పూర్తి చెయ్యి," అన్నాను, నవ్వు ఆపుకుంటూ.