ఇరవయ్యొక్క గేర్లు, కుంచెడు సామలు

కొండ మీంచి కింద పడ్డవాళ్లను చాలామందిని చూశాను. తాను పడడమే కాక, ఊళ్లో ఇంకెవరింటా లేని విత్తనాలను కూడా తనతోపాటు పడేసిన ఘనుణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను. రోజూ పొద్దున్న గడ్డం గీసుకునేటప్పుడు ఆయన అద్దంలోంచి నాకేసి చూస్తుంటాడు. ఆయన చేసిన నిర్వాకం మీకు చెప్పేస్తే మా ఇద్దరికీ కాస్త మనశ్శాంతి.

ఇది నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నేను కుర్రవాణ్ణి. అరవైమూడు. ఆశ్రమ పాఠశాలలో సైన్సు మేస్టారుగా రిటైరై, చేతిలో సుద్దముక్క లేక వేళ్లు దురదపెడుతున్న రోజులు. పెదబయలు పక్కన కొండ మీద మా గూడెం. ఒకసారి పనుండి అరకు వెళ్లి, తెలిసినవాళ్ల హోమ్‌స్టేలో దిగాను. అక్కడ దొరికింది నాకా సైకిలు.

ఆ సైకిలు ఎక్కడిదని ఎవరడిగినా నేను చెప్పే కథ ఒకటుంది. స్విట్జర్లాండు దొర ఒకాయన దాని మీద హిమాలయాలన్నీ దిగి, చివరికి మా ఘాట్ రోడ్డు చూసి దణ్ణం పెట్టి, "దీనికి తగిన మగాడు వచ్చేదాకా ఇక్కడే ఉంచండి" అని చెప్పి వెళ్లిపోయాడని. మీ దగ్గర దాపరికమెందుకు గాని, నేను చూసేసరికి అది పెరట్లో చిక్కుడు పాదుకు గుంజగా ఉద్యోగం చేస్తోంది. హ్యాండిలు మీద ఒక కోడిపెట్ట కాపురముంటోంది. ఎవరో వాలంటీరు వదిలేసి పోయాడట. ఏ దేశంవాడో ఇంటివాళ్లకే గుర్తులేదు.

నేను దాన్ని దాటి వెళ్లిపోయేవాణ్ణే. అక్కడ బస చేసిన ఒక పట్నం కుర్రాడు ఫోను పట్టుకుని దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాడు.

"అంకుల్, ఇదేంటో తెలుసా? వింటేజ్ మౌంటెన్ బైక్. స్టీల్ ఫ్రేము. ఇరవయ్యొక్క గేర్లు. ఇలాంటివి ఇప్పుడు ఎవరూ చేయట్లేదు."

"చిక్కుడు పాదులకు బాగా పనికొస్తున్నట్టుంది," అన్నాను.

"ఇది కొండలెక్కడానికే పుట్టింది అంకుల్."

ఆ మాట నా గుండెలో మేకులా దిగింది. అది కొండ సైకిలు. నేను కొండవాణ్ణి. మా ఇద్దరినీ విడదీసి ఉంచడం పాపం కాదూ? పాదుకు రెండు కొత్త వెదురు గుంజలు పాతిచ్చి, ఇంటివాళ్లకు ఒక పుంజును ముట్టజెప్పి, జీపు టాపు మీద ఊరేగింపుగా తెచ్చుకున్నాను. ఆ పెట్ట మటుకు జీపు వెనక చాలా దూరం పరిగెత్తింది.

సంతలో సైకిలు షాపు అప్పారావు దాన్ని తిరగేసి, బోర్లేసి చూశాడు.

"మేస్టారూ, మంచి సరుకే. కానీ బ్రేకు రబ్బర్లు రాయయిపోనాయి, మార్సాల. ఎనక సెక్రం ఊగుతంది. రెండు వారాలు నా కాడ ఉంచీండి."

"పండక్కి కావాలి అప్పారావ్. నేనే బిగించుకుంటాలే."

"మీకేటి తెలుసు దీని సంగతి?"

"ఘర్షణ పాఠం ముప్పై ఏళ్లు చెప్పాను నేను."

"పాటం సెప్పినారు సరే, రెంచీ పట్టినారా?"

పట్టలేదు. ఆ పూటే మొదటిసారి కొన్నాను.

మూడు రోజులు మా అరుగు మీద యజ్ఞం జరిగింది. గొలుసును కిరసనాయిల్లో నానబెట్టాను. గేరు వైర్లు మార్చాను. ముందు మూడు, వెనక ఏడు, లెక్క సరిపోయింది. అసలు దానికి స్టాండు లేదు. తాను నిలవడానికే దిక్కులేదు, వెనకో క్యారియరు అన్నట్టు, పాత పోస్టు సైకిలు క్యారియరొకటి తెచ్చి తగిలించాను. బోల్టులు కాస్త పొడవయ్యాయి. ఒకదాని మొన క్యారియరు పైకి వేలి కణుపంత పొడుచుకు వచ్చింది. అందంగానే ఉందిలెమ్మని వదిలేశాను.

ఇక నూనె. మా కొండల్లో వలిసె నూనె అంటే మీకు తెలియంది కాదు. కూరకదే, తలకదే, మోకాలి నొప్పికదే, కీచుమన్న తలుపుకదే. ఆ నూనె గొలుసుకు పోశాను, ఇరుసులకు పోశాను, ఇంకా గిన్నెలో మిగిలింది. చూస్తే చక్రాల అంచులు తుప్పుపట్టి బోసిగా ఉన్నాయి. గుడ్డ ముంచి వాటికీ, వాటిని పట్టుకునే బ్రేకు రబ్బర్లకూ శ్రద్ధగా పట్టించాను. నూనె ఘర్షణను తగ్గించును అని ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసి, కింద గీత కూడా గీసిన చెయ్యే అది. అంచులు అద్దాల్లా మెరిశాయి. ఎవరింట్లోనో గారెలు వేగుతున్నాయనుకుని ఊరి కుక్కలు రెండ్రోజులు నన్ను వదల్లేదు.

పెరట్లో తిప్పి చూశాను. దివ్యంగా ఉంది. ఆపాల్సి వచ్చినప్పుడల్లా కాలు నేలకానించాను. పెరట్లో బ్రేకులతో ఎవరికి పని?

ఇంతలో ఇటుకల పండుగ వచ్చింది. ఆ పండక్కి మగాళ్లు వేటకని అడవికి పోతారు. ఈ కాలంలో వేట అంటే పగలంతా అడవిలో తిరిగి ఆకలితో ఇల్లు చేరడమే. ఉత్త చేతులతో వచ్చిన వీరులకు ఆడవాళ్లు పేడనీళ్లతో స్వాగతం చెబుతారు. దారిన పోయేవాళ్లకు వెదురు గెడ అడ్డం పెట్టి, పండగ ఖర్చుకు ఏదో ఒకటి రాబట్టందే కదలనివ్వరు. అదంతా వేడుక. వేడుక కానిది విత్తనం. ప్రతి ఇంటి విత్తనమూ కింది ఊళ్లో పూజారి దగ్గరకు చేరాలి. దేవుడి ముందు పెట్టి, కలిపి, ఇంటికో పిడికెడు తిరిగిస్తే గాని ఎవరూ నాగలి కట్టరు.

మా అప్ప సోములమ్మ దగ్గర ఒక పాత రకం సామలుండేవి. మా అమ్మకు వాళ్లమ్మ ఇచ్చినవి. అందరూ ఎప్పుడో వదిలేశారు, అప్ప వదల్లేదు. ముందటేడు వానలు ముఖం చాటేసినప్పుడు ఊరందరి చేలూ ఎండిపోతే, అప్ప చేను మాత్రం నిలబడి పండింది. అందుకని ఈసారి ఊరంతా ఆ విత్తనమే అడిగింది. అప్ప రేషను బియ్యంతో గంజి కాచుకుని, ఒక్క గింజ వండుకోకుండా కుంచెడు సామలు ఆనపకాయ బుర్రలో దాచి ఉంచింది. తీరా పండగనాటికి మోకాళ్లు పట్టేశాయి.

"తమ్ముడా, నెత్తిన ఎట్టుకుని నడిసి ఎల్లు. బేగి ఎల్లు. పూజారి ఎవుడి కోసమూ ఆగడు," అంది.

"నడవడమేంటప్పా? సైకిలుంది. ఇరవయ్యొక్క గేర్లు."

"అన్ని గేర్లు దేనికి? దిగడమే గదా."

"దిగడంలోనే ఉంది శాస్త్రమంతా."

"శాస్త్రం నాకు తెల్దు. అయి మళ్లీ దొరికే గింజలు కావు. అది తెలుసునా?"

తెలుసన్నాను. బుర్ర క్యారియరు మీద నిలవలేదు. సామలు గుడ్డసంచిలో పోసి, మూతి కట్టి, క్యారియరుకు తాడుతో బిగించాను. సంచి బలిసిన పందిపిల్లలా కూర్చుంది. అప్ప ఖాళీ బుర్ర ఒళ్లో పెట్టుకుని, నేను మలుపు తిరిగేదాకా చూసింది.

అక్కడి నుంచి ఏం జరిగిందో ఊరికి చెప్పినట్టే మీకూ చెబుతాను. ఎక్కడా ఆగలేదు. పక్కకు చూడలేదు. రోడ్డు వేస్తామని తవ్వి వదిలేసిన ఎర్రమట్టి దారిలో బాణంలా దిగుతున్నాను. రెండో మలుపులో, ప్యాసింజరు బస్సంత అడవిదున్న దారికి అడ్డంగా నిలబడింది. నేను దాని కళ్లలోకి చూశాను, అది నా కళ్లలోకి చూసింది. ఆ మూగప్రాణిని కాపాడడం కోసం నా ప్రాణానికి తెగించి సైకిలు పక్కకు తిప్పాను. సంచి తెగింది, బ్రేకు పోయింది.

ఆ తరవాత జరిగిందానికి సాక్షులున్నారు కనుక ఉన్నదున్నట్టు చెప్పక తప్పదు. కింది ఊరి మొదట్లో ఆడవాళ్లు గెడ అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ముందు మరదలు వరసయ్యే లచ్చమ్మ.

"బావా, ఆగు. కొత్త సైకిలుకి కొత్త సుంకం."

"తప్పుకోండే, ఇది ఆగదు."

"అందరూ అదే మాట సెప్తారు."

"నిజంగానే ఆగదు లచ్చీ."

"ఆగకపోతే ఆపడానికే గదా ఈ గెడ."

బ్రేకులు రెండూ పిసికాను. నూనె తాగిన రబ్బర్లు చక్రాలను అత్తగారి కాళ్లు పట్టినంత మెత్తగా నిమిరాయి. సైకిలు గెడ కిందనుంచి పోయింది. నేను గెడ పైనుంచి పోయాను. అటుపక్క వేటగాళ్ల కోసం కలిపి ఉంచిన పేడనీళ్ల గాబు, నా పేరే రాసి పెట్టినట్టు, నోరు తెరుచుకుని ఉంది.

"వేటగాళ్ల కన్నా ముందే ఒచ్చీసినావు బావా," అంది లచ్చమ్మ. పదిమంది ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే సైకిలు లేవనెత్తి చూశాను. సంచి చదునుగా ఉంది.

"ఏటది? సోములప్ప సామలేటి?"

నేను తలూపాను. నవ్వు ఆగిపోయింది. ఆ గింజల కోసం లచ్చమ్మ కూడా అడిగి ఉంది. అక్కడున్న ప్రతి ఇల్లూ అడిగి ఉంది.

అప్పుడు చెప్పాను దున్న కథ. వాళ్లు చేటలు తీసుకుని రెండో మలుపుకు ఎక్కి, మట్టి జల్లించి, రెండు పిడికిళ్లు తెచ్చారు. అందులో సగం ఇసుక. సంచిలో ఇంకో రెండు పిడికిళ్లున్నాయి.

"దేముడికి సాలు. ఊరికి సాలదు," అన్నాడు పూజారి. దేవుడికి చూపించి, మొత్తం అప్పకే తిరిగిచ్చాడు. ఆ ఏడు ఇంటికో పిడికెడు లేదు.

సాయంత్రం అప్ప అంతా విని, "దున్న పెద్దదేనేటి?" అని అడిగింది. చేతులు చాపి చూపించాను. "నీకు దెబ్బలేటీ తగల్లేదు గదా," అంది. అంతే అంది. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేది.

రెండు వారాలకు తొలివానలు పడ్డాయి. ఒక పొద్దున్నే అప్ప కర్ర పట్టుకుని, కుంటుకుంటూ మా వాకిట్లో ప్రత్యక్షమైంది.

"రారా తమ్ముడా. నీ దున్న ఎటు తోలిందో సూద్దువు గాని."

అప్ప గుమ్మం ముందు నుంచి, ఎర్రమట్టిలో సన్నటి పచ్చగీత సాగిపోతోంది. గడ్డి కదా అన్నాను. "పుట్టిన కాడ్నించి సామ మొక్క సూత్తన్నాను. నాకు సెప్తావేటి?" అంది. కోళ్లు తిన్నవి తినగా, చీమలు మోసినవి మోయగా, మిగిలిన ప్రతి గింజా మొలిచి నా ప్రయాణాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసి పెట్టింది.

గీత వెంట నడిచాం. వెనకాల ఊరు కూడా చేరింది. గీత తిన్నగా టీ బడ్డీ దాకా వెళ్లింది. అక్కడ చుట్టలు చుట్టుకుంది. ఒకటి, రెండు, మూడు.

"ఇక్కడ దున్న ఏటి సేసింది? టీ తాగిందేటి?"

"టూరిస్టులున్నారప్పా. ఫొటోలు తీస్తామంటే మూడు చుట్లు తిరిగాను."

ఇంకొంచెం దిగాక గీత పాములా మెలికలు తిరిగింది.

"ఇదేటి?"

"చేతులు వదిలేసి తొక్కి చూపించాను."

రెండో మలుపు వచ్చింది. అందరూ వంగి చూశారు. చేటలకు దొరక్కుండా మిగిలిన గింజలతోనే అక్కడ గీత స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది.

"బావా, దున్న ఎటుపక్క నిలబడిందో కాస్త సూపించు," అంది లచ్చమ్మ.

ఇక ఒప్పుకోక తప్పింది కాదు. దున్న లేదు. కనీసం మేక కూడా లేదు. పేడనీళ్ల గాబులోంచి లేచిన క్షణంలోనే చూశాను, క్యారియరు బోల్టు మొనకు సంచి పోగు వేలాడుతోంది. గింజలు అప్ప గుమ్మం నుంచీ కారుతూ వచ్చాయని నాకప్పుడే తెలిసిపోయింది. ఆ పోగు తెంపి జేబులో వేసుకున్నాను. ఆపలేనివాడు దున్న అడ్డమొచ్చిందన్నాడని సామెత పుట్టించాను. నిజం చెప్పి ఉంటే ఆ చేటలతోనే ఆ రోజే అన్నీ ఏరేవాళ్లు.

అప్ప కర్రతో మొక్కల మీద పడ్డ గడ్డిని పక్కకు తోసింది. చివరికి, "నాగలి నేకుండా, నీళ్లు పెట్టకుండా ఇంత సేను ఏసీసినావు," అంది. "కోసేదాకా కాపలా నువ్వే."

దారి పొడవునా ముళ్లకంప నాటాం. వానాకాలమంతా నేను గొడుగేసుకుని మేకల్ని తోలాను. రోడ్డు పనివాళ్లు ఎప్పటిలాగే పంట కోతలయ్యాక గాని తిరిగి రాలేదు. వాళ్ల ఆలస్యానికి మొక్కిన ఊరు మాదొక్కటే అయి ఉంటుంది. మరుసటి పండక్కి ఇంటికో పిడికెడు అందింది. రోడ్డు మీద సాగేంటని అడిగిన ప్రతి బాటసారికీ కథంతా మొదటినుంచి, దున్న లేకుండా చెప్పాలని అప్ప ఆజ్ఞ. ఎందరికి చెప్పానో లెక్కలేదు.

కనుక కొండదేవత సాక్షిగా, అరవయ్యేడేళ్ల ఈ నెరిసిన తల మీద చెయ్యేసుకుని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. అబద్ధమాడే ఉద్దేశం ఉన్న రోజున నేను విత్తనాలు మోయను. బియ్యమే మోస్తాను. బియ్యం మొలవవు.