కంప్యూటర్ వెనక ఎర్ర స్విచ్చు

విడివిడిగా సామాను కొని కంప్యూటర్ ఇంట్లో బిగించుకోవడం మాకు అప్పట్లో సరదా కాదు, గతిలేక చేసే పని. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడు ప్రాజెక్టుకు కంప్యూటర్ లేకపోతే గడవదు. కంపెనీది కొనడానికి నాన్న ససేమిరా అన్నాడు. మాది తార్నాక. నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరందుకున్నాక, "మీరెక్కడివాళ్ళు?" అని ఎవరడిగినా జవాబు చెప్పే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాణ్ణి.

నా క్లాస్‌మేట్ ఒకడు క్యాంపస్ హాస్టల్లో ఉండేవాడు. నల్లగొండ జిల్లాలో పత్తి వేసే ఇంటివాడు. హాస్టల్లో సగం కంప్యూటర్లు వాడు బిగించినవే. పైసా తీసుకునేవాడు కాదు. ఎవరైనా మరీ బలవంతపెడితే ఒక ఛాయ్ తాగేవాడు, అంతే. పొద్దున ఊరేగింపులో నినాదాలిచ్చి, మధ్యాహ్నం బాష్పవాయువుకు ఎర్రబడ్డ కళ్ళతోనే ఎవరిదో మదర్‌బోర్డు ఊదుతూ కనిపించేవాడు. నాకు మంచి స్నేహితుడు. ఆ మాట అనే అర్హత నాకుందో లేదో ఇదంతా చదివాక మీరే అనుకోండి.

నాకు ఏమేం కావాలో జాబితా వాడే రాశాడు. ప్రాసెసర్ దగ్గర తగ్గించాడు, బోర్డు దగ్గర తగ్గించాడు, గ్రాఫిక్స్ కార్డును అడ్డంగా కొట్టేశాడు. ఒక్క ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం పట్టుబట్టాడు. గోడలోంచి వచ్చే కరెంటును లోపలి సామానుకు తగ్గట్టు మార్చి పంచే ఇనప డబ్బా అది. ఇద్దరం కలిసి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే కాంప్లెక్స్‌కు వెళ్ళాం. అక్కడ నా కళ్ళు ఒక క్యాబినెట్ మీద పడ్డాయి. ముందు నీలం లైట్లు, పక్కన అద్దం. దాంతోపాటు ఎస్‌ఎంపీఎస్ ఉచితం.

"ఫుకట్ల ఇస్తుండంటేనే సమజ్ గావాలెరా," అన్నాడు వాడు. "గా లైట్లు చూసుకుంట కూసుంటవా? కరెంటిచ్చే డబ్బా మంచిది తీస్కో. అది ఖరాబయితే అదొక్కటే పోదు, అన్నిటినీ పట్టుకపోతది."

"ఏం కాదులేరా, అందరూ వాడుతున్నదేగా!"

"నీ ఇష్టం. రేపు నన్ను అనొద్దు మల్ల."

దొరగారికి నీలం లైట్లు కావాలి! వాడి మాట తీసి పక్కన పెట్టాను.

ఆ ఆదివారం మా ఇంట్లో కూర్చుని మొత్తం బిగించాడు. అమ్మ పెసరట్లు వేసి పెట్టింది. మేం కొన్నది ఒకటే ర్యామ్. అది చాలదని వాడు తన కంప్యూటర్లోంచి ఒక ర్యామ్ పీకి తెచ్చి రెండో స్లాట్‌లో పెట్టాడు. "ప్రాజెక్టు అయ్యేదాంక ఉంచుకో, నాకిప్పుడంత పనిలేదు," అన్నాడు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. హాల్లో టీవీ మా క్యాంపస్‌నే చూపిస్తోంది, లాఠీలు, రాళ్ళు. "ఆ కుర్రాడు కూడా ఇందులో ఉంటాడా?" అని నాన్న నన్ను మెల్లగా అడిగాడు. ఉంటాడన్నాను. "ఊఁ," అన్నాడు. ఆ ఊఁలో ఏముందో నాకు అప్పుడే తెలుసు.

నెల తిరక్కుండానే నా బుద్ధి గడ్డి తింది. కంప్యూటర్ వచ్చాక కరెంటు బిల్లు పెరిగిందని నాన్న రోజూ సణుగుతున్నాడు. ఎస్‌ఎంపీఎస్ వెనక ఒక చిన్న ఎర్ర స్విచ్చు ఉండేది. ఒక పక్కకు జరిపితే 230, ఇంకో పక్కకు జరిపితే 115. తక్కువ అంకె పెడితే కరెంటు తక్కువ తాగుతుందనుకున్నాను. నేను! ఫిజిక్స్ చదివేవాణ్ణి! నా మొహానికి ఫిజిక్సొకటి. ఆ రెండో అంకె గోడలో సగం వోల్టేజీ వచ్చే దేశాల కోసం. వాడు తీసుకోమన్న మంచి డబ్బాకైతే అసలు ఆ స్విచ్చే ఉండదు. పెన్ను మొనతో దాన్ని జరిపి ప్లగ్గు వేశాను. ఢామ్మని పేలింది. గదంతా పొగ, కాలిన కంపు.

పరుగెత్తుకొచ్చిన నాన్న నోటి నుంచి వచ్చిన మొదటి మాట "ఏమైంది?" కాదు.

"ఏం చేసి పోయాడ్రా వాడు?"

ప్లగ్గు పీకి, నేను చేసిన మొదటి పని వెనక్కి చెయ్యి పెట్టి స్విచ్చును మళ్ళీ 230కి జరపడం. అమ్మ కిటికీలు తీస్తోంది, ఆ పొగలో ఎవరూ చూడలేదు. "తెలీదు నాన్నా, దానంతటదే పేలింది," అన్నాను. దాంతో వాడి పరువు నా చేతికొచ్చింది. నేను నిజం చెబితే వాడు మా ఇంట్లో మంచివాడు, చెప్పకపోతే మోసగాడు. అంత స్పష్టంగానూ తెలుసు నాకు.

మర్నాడు నాన్న వాడికి ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆ రోజు బంద్, బస్సుల్లేవు, ఆటోల్లేవు. క్యాంపస్ గేటు దగ్గర పోలీసుల ముళ్ళకంచె దాటుకుని ఎండలో నడిచొచ్చాడు. విప్పి చూసి, "బోర్డు గూడ పోయింది సార్," అన్నాడు. తర్వాత నాకేసి తిరిగాడు.

"ఎనక స్విచ్చేమన్న ముట్టుకున్నవారా?"

"ఏ స్విచ్చు?" అన్నాను.

నాన్న అందుకున్నాడు. "డూప్లికేట్ సామాను అంటగట్టి, ఇప్పుడు మావాడి మీదకు తోస్తున్నావా? మీవాళ్ళ సంగతి రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాంగా!"

"నన్ను ఏమన్న అనున్రి సార్. నడుమ మావోల్లేం జేసిన్రు?"

వాడు తన ర్యామ్ పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. నాన్న గబుక్కున వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"ఏంటది? ఏం తీస్తున్నావ్?"

"ఇది నాది సార్."

"నీది మా కంప్యూటర్లో ఎందుకుంటుంది?"

వాడు నా వైపు చూశాడు. అది వాడిదని చెబితే ఆ వెంటే స్విచ్చు సంగతీ బయటపడుతుందని నాకు భయం. ఇలాంటప్పుడు నాలుక పిడచకట్టుకుపోయింది అంటారు. అబద్ధం. నాలుక బాగానే ఉంది, మనిషే సరిగ్గా లేడు.

వాడు ర్యామ్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఉంచుకోన్రి," అని చెప్పులేసుకున్నాడు. "అన్నం తిని వెళ్ళు బాబూ," అంది అమ్మ. "తిన్నమ్మా," అన్నాడు. బంద్‌కు హాస్టల్ మెస్ మూసేశారని నాకు తెలుసు.

సాయంత్రం నాన్న షాపు బిల్లు తీశాడు. అందులో ర్యామ్ ఒకటే ఉంది. కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూశాడు. మడిచి సొరుగులో పెట్టేశాడు. ఆయనా నాలాంటివాడే.

పది రోజులకు ర్యామ్ కాగితంలో చుట్టుకుని హాస్టల్‌కు వెళ్ళాను. వాడు బట్టలు ఆరేస్తున్నాడు. నిలబడి జరిగిందంతా చెప్పేశాను.

"ఎరుకే," అన్నాడు, చొక్కా దులుపుతూ. "డబ్బా ఎనకంత దుమ్మున్నది, స్విచ్చొక్కటి తుడిసినట్టున్నది. గంత మాత్రం తెల్వదా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"నేను జెప్తే మీ నాయిన నమ్మునా? నువ్వు జెప్తవని చూసిన."

ర్యామ్ ఇవ్వబోతే చెయ్యి చాపలేదు. "నాకు జెప్పుడు కాదు. పొయ్యి మీ నాయినకు జెప్పు. చెప్పినంక రా, ఛాయ్ తాగుదాం."

సరేనన్నాను. క్యాంపస్ నుంచి తార్నాక దాకా దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ నడిచాను. ఇంటికెళ్ళేసరికి నాన్న టీవీ ముందున్నాడు, క్యాంపస్ కుర్రాళ్ళను తిడుతున్నాడు. భోజనాలయ్యాక చెబుదామనుకున్నాను. భోజనాలయ్యాక, రేపు చెబుదామనుకున్నాను. తర్వాత క్లాసులో వాడు నన్ను చూసి నవ్వేవాడు కాదు, తల తిప్పుకునేవాడూ కాదు. ఊరికే చూసేవాడు. నేనే వేరే బెంచీకి మారాను.

రాష్ట్రం వచ్చింది. ఇన్నేళ్ళూ గడిచాయి. ఇప్పటికీ ఎవరైనా కంప్యూటర్ కొంటామంటే చాలు, నాన్న మొదలుపెడతాడు: "చూసి కొనండి. మావాడికి ఒక హాస్టల్ కుర్రాడు డూప్లికేట్ సామాను అంటగట్టి పోయాడు." పోయిన నెల ఎదురింటాయనకు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన నా వైపు తిరిగి "నిజమేనా?" అని అడిగితే, తలూపాను.

రాసేస్తే మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. ఇంత ధైర్యం ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని మీరనుకోవద్దు. నేను రాసేవి నాన్న చదవడు.