తడిగుడ్డ మీద నేరం

ఆ కాలంలో, మా అనంతపురం ఎండల్లో, మా సిమెంటు ఫ్యాక్టరీ మొత్తానికి చల్లదనం దొరికే గది ఒక్కటే. పెద్ద ఫ్యాను మోటారు వేగాన్ని పెంచీ తగ్గించే డ్రైవు యంత్రం ఉన్న ఏసీ గది అది. యంత్రానికి వేడి పడదట. పాపం, ఇంజనీర్లకూ పడేది కాదు. మోటారు మాత్రం పొడవాటి కేబులు చివర, దూరంగా రేకుల షెడ్డులో ఉడుకుతుండేది. దాని దగ్గరికి రోజూ పోయేది నేనూ, నా చీపురూ, దాని దుమ్ము తుడిచే తడిగుడ్డా. (మా ఆయన పోయాక, ఇద్దరు పిల్లల్ని చూసి ఇచ్చిన ఊడ్చే పని.)

ఆ మోటారు రెండుసార్లు కాలింది. డ్రైవు దగ్గర మీటరు చూస్తే వోల్టేజి సరిగ్గానే ఉంది. మీటరు అబద్ధమాడదు, చదువుకున్నవాళ్లు తప్పు చేయరు, ఇక మిగిలింది నా తడిగుడ్డ. "నీ గుడ్డ తేమకే కాలినాది. ఇంగొక్కసారి కాలితే ఇంటికి పో," అన్నాడు పెద్ద ఇంజనీరు, చలికి స్వెట్టరు సర్దుకుంటూ.

పిల్లల ముఖాలు కళ్లముందు మెదిలాయి, నోరు ఊరుకోలేదు. "సార్, ఫ్యాను సగం వేగానికి తగ్గించినప్పుడే మోటారు వైర్ల పెట్టె పోపు మాదిరి చిటపటమంటాది. జోరుగా తిరిగేటప్పుడు గమ్మునుంటాది. నా గుడ్డ ఏమన్నా వేగం చూసుకోని తడుస్తాదా?"

"నీకేం తెల్సమ్మే, పో!" అని కసిరాడు.

మోటారు సంగతి చూడడానికి బెంగుళూరు నుంచి వచ్చిన కళ్లద్దాల ఇంజనీరు ఒక్కడే కుర్చీలోంచి లేచాడు. "యాడమ్మా? చూపీ పా." ఎండలో నా వెనకే వచ్చి, మోటారు దగ్గరే కొలిచాడు. సగం వేగంలో వోల్టేజి రెట్టింపు! ఉయ్యాల ఊపుకు సరిగ్గా తోస్తూపోతే చిన్న తోపులకే ఎంత ఎత్తుకు పోతుందో, ఆ వేగంలో డ్రైవు తోపులకూ కేబులుకూ మోటారుకూ అట్లా జత కుదిరిందట. దాని పేరు రెసొనెన్సట. ఆ ఊపును మింగే కాయిళ్లూ, కెపాసిటర్లూ, రెసిస్టెన్సులూ ఉన్న పెట్టె ఒకటి డ్రైవు పక్కన పెట్టించాడు. ఫ్యానును ఆ వేగం దగ్గర నిలపకుండా దాటించమన్నాడు. చిటపట ఆగింది. నా ఉద్యోగం నిలబడింది.

"ఇంగ గుడ్డ పెట్టి తుడుచుకో పో," అన్నాడు పెద్ద ఇంజనీరు, తప్పయిందన్న ఊసే లేకుండా.

"ఉత్త మాట వద్దు సార్. నా గుడ్డది తప్పు లేదని కాయితం మీద రాసియ్యి," అని మొండికేశాను. (నాకు చదవను రాదని ఆ నిమిషం నాకే గుర్తులేదు.) రాసి, సంతకం పెట్టి నా మొహాన కొట్టాడు. తప్పు ఒప్పుకున్నాడనే నమ్మకంతో దాన్ని ఇన్నేళ్లూ ట్రంకుపెట్టెలో, పెళ్లిచీర మడతలో దాచాను. ఎవరికీ విప్పి చూపలేదు, నలిగిపోతుందని.

మొన్న మనవరాలు తీసి చదివింది: "ఇకమీదట గుడ్డను బాగా పిండి తుడవవలెను."

"అవ్వా, దీన్నా దాచినావు?" అని ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది. ఆ కాగితం గుండెకు ఆనించుకుని ఏసీ గదిలోంచి రాణిలా బయటికొచ్చిన ఆనాటి పిచ్చిది కళ్లముందు కనిపించింది. దాన్ని చిన్నబుచ్చడం ఎందుకని, కాగితాన్ని మళ్లీ ఆ మడతలోనే పెట్టమన్నాను.