‘వాసన లేదు’ అని రాసిన ఇల్లు

మా అక్క మొగుణ్ణి పొగడటం నాకు ఇష్టం ఉండదు. పొగిడితే నెత్తికెక్కి కూర్చుంటాడు. కానీ ఈ ఒక్కటీ చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

బావ పైపు గ్యాసు కంపెనీలో లీకులు వెతికే మనిషి. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఆయన ఎక్కే బండి నడిపేది నేను. సబ్బునీళ్ల సీసా, అరిగిపోయిన పెయింటు కుంచె లేకుండా బావ గడప దాటడు. పైపు అతుకు కనపడితే చాలు, సబ్బునీళ్లు పూసి, బుడగ లేస్తుందేమోనని కళ్లప్పగించి చూస్తాడు. అందుకే ఆఫీసులో ఆయన పేరు నురగ. అలా పిలిస్తే ఆయనకు కోపం రాదు, నాకొస్తుంది.

కొత్తవాళ్లు చేరితే పాఠం మొదలుపెడతాడు.

“ఈ పైపులో వచ్చేది మీథేన్‌రా. నడుమ కార్బన్ ఒక్కటి, చుట్టూ హైడ్రోజన్లు నాలుగు. చిన్న సంసారం. గాలి బరువులో సగమే ఉంటుంది. సిలిండర్ గ్యాసైతే నేలమీద పాకుతుంది, ఇది కప్పుకెక్కి కూర్చుంటుంది. ముందు తలెత్తి చూడటం నేర్చుకోండి. గదిలో నూటికి ఐదు పాళ్ల లోపుంటే అంటుకోదు, పదిహేను దాటినా అంటుకోదు. ఆ మధ్యలో ఉందా, చిన్న నిప్పురవ్వ చాలు.”

“మరి వాసనొస్తుంది కదండీ?”

“అది మనం కలిపిన వాసన. దానికి సొంతంగా రంగూ లేదు, వాసనా లేదు. జనం ముక్కు మూసుకుని మనకి ఫోన్ చెయ్యాలని ఆ కంపు మందు కలుపుతాం. అన్నం ఉడికేది దీంతోనే, బస్సు నడిచేది దీంతోనే, పొలంలో చల్లే యూరియా పుట్టేదీ దీన్నుంచే. అది మంచిదే. మనమే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.”

పోయిన చలికాలం బావకు జ్వరమొచ్చింది. జ్వరం పోతూ పోతూ ఆయన ముక్కుకు వాసన తెలియకుండా చేసి పోయింది. పొయ్యి మీద పాలు మాడి బొగ్గవుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాడు. అక్క తిట్టాక గాని ఇద్దరికీ అర్థం కాలేదు. మర్నాడే ఈ మహానుభావుడు ఎవరూ అడక్కుండానే ఆఫీసుకెళ్లి చెప్పేశాడు.

“నోరు మూసుకునుంటే ఏం పోయేది బావా?” అన్నాను.

“దాస్తే రేపు నా మాట ఎవడు నమ్ముతాడ్రా?” అన్నాడు.

మా ఇంజనీరు మేడమ్ చెడ్డది కాదు, రూలు మనిషి. “వాసన తెలియని మనిషిని లీకు బండిలో ఎలా పంపను? ఒకటో తారీఖు నుంచి మీరు స్టోర్‌లో ఉండండి” అంది. స్టోర్ అంటే కిటికీ లేని గది, నట్లు, బోల్టులు. బావ సరేనని తల ఊపి, సబ్బునీళ్ల సీసా కడుక్కోవడానికి కుళాయి దగ్గరికెళ్లాడు.

ఒకటో తారీఖుకు ఇంకా మూడు రోజులుండగా, బట్టలు కుట్టే పెద్దావిడ ఒకరు తన పెరట్లో మొక్కలు చచ్చిపోతున్నాయని మా ఆఫీసుకు ఫోన్ చేసింది. పైపులైను పక్కనే కాబట్టి వెళ్లాం. మేడమ్ కూడా బండెక్కింది. మా తనిఖీ కాగితంలో మొదటి గడి ‘వాసన’. అందులో ‘లేదు’ అని పడితే పని అయిపోయినట్టే, గాలిలో గ్యాసు ఎంతుందో కొలిచే మీటరు పెట్టె మూత కూడా తీయం. ఏళ్ల తరబడి అందరం చేస్తున్న తప్పే అది. మేడమ్ గది గదీ తిరిగి వాసన చూసింది, నేనూ చూశాను. కుట్టుమిషను నూనె, ఇస్త్రీ బట్టలు, అంతే. మేడమ్ ‘లేదు’ అని రాసేసింది.

బావ పెరట్లోనే నిలబడిపోయాడు.

“నీళ్లు లేక ఎండితే ఇలా గీత గీసినట్టు ఎండవు మేడమ్. చూడండి, వెనక రోడ్డు నుంచి ఇంటి గోడదాకా ఒకటే వరస. పక్కవన్నీ పచ్చగా ఉన్నాయి.”

మీటరు గొట్టాన్ని ఒక కర్రకు కట్టి, వెనక గదిలో కప్పు దాకా ఎత్తాడు. అది గొల్లుమంది. నూటికి నాలుగు పాళ్లు.

“అయ్యో, గ్యాసా! ఫ్యాను వేస్తానుండు బాబూ, పోతుంది” అంటూ పెద్దావిడ స్విచ్చు మీదికి చెయ్యి చాచింది. బావ ఆ చెయ్యి గబుక్కున పట్టుకున్నాడు.

“వద్దమ్మా. దేన్నీ ముట్టుకోవద్దు. నడవండి బయటికి.”

రోడ్డు వాల్వు కట్టేసి, తవ్వించి చూస్తే పాత పైపుకు వెంట్రుకంత పగులు. గ్యాసు మట్టిలోంచి పాకి, మొక్కల వేళ్లకు గాలాడకుండా చేసి, గోడలో వైరు వేసిన కన్నం గుండా గదిలో చేరింది.

“మరి వాసనేది?” అంది మేడమ్. ముఖం పాలిపోయింది.

“దారిలో మట్టి ఆ మందుని పీల్చేసుకుంది. గ్యాసు మాత్రం కడిగిన ముత్యంలా బయటికొచ్చింది.”

“మీకెలా తట్టింది?”

“మీ ముక్కులు లేదన్నాయి, మీరు నమ్మారు. నాకు నమ్మడానికి ముక్కు లేదు కదా మేడమ్. అందుకే ఈమధ్య ఎక్కడికెళ్లినా మీటరు తీస్తున్నాను.”

మేడమ్ కాగితం తీసి, ‘లేదు’ని కాదు, ‘వాసన’ గడినే అడ్డంగా కొట్టేసి, పైన ‘మీటరు రీడింగు’ అని రాసింది.

నేను ఆగలేకపోయాను. “మరి స్టోర్ సంగతి మేడమ్?”

“ఈయన బండిలోనే ఉంటారు. కొత్తవాళ్లు ఈయన దగ్గరే పని నేర్చుకుంటారు.”

ఎగిరి గంతేద్దామనిపించింది. తిరిగొస్తుంటే బావ మీసం దువ్వుకుంటాడనుకున్నాను. కిటికీలోంచి చూస్తూ మెల్లగా అడిగాడు.

“ఒరేయ్ బామ్మర్దీ, ఆ కుట్టుమిషను గదిలో ఏం వాసనొచ్చింది?”

“మిషను నూనె బావా. కొత్త గుడ్డ. తడిపి ఇస్త్రీ చేసిన నూలు బట్ట.”

బావ కళ్లు మూసుకున్నాడు. “ఇంకా చెప్పు” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బండి నెమ్మది చేసి, ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను.