బోర్డుకి వీపు పెట్టిన పిల్ల

మొన్న నాంపల్లి మెట్రో స్టేషన్లో, తలుపులు మూసుకున్న రైల్లో ఒక అమ్మాయి, ప్లాట్‌ఫామ్ మీద ఇంకో అమ్మాయి, అద్దానికి చెరో వైపు నిలబడి చప్పుడు లేకుండా పెదాలతోనే ఏదో చెప్పుకుని నవ్వుకుంటుంటే, నేను ఎక్కవలసిన ఆ రైలు తప్పిపోయిందన్న సంగతి కూడా మరిచిపోయి చూస్తుండిపోయాను.

బి.ఎడ్. చదివే రోజుల్లో, పాఠం చెప్పడం నేర్చుకోమని నన్ను ఆ నాంపల్లిలోనే ఒక ఆడపిల్లల సర్కారు బడికి పంపారు. హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డ కోస్తా వాళ్ల పిల్లని, నా యాసకే క్లాసంతా కిసుక్కుమనేది. అది చాలదన్నట్టు ముందు బెంచీలో ఒక పిల్ల నాకు వీపు పెట్టి కూర్చునేది; తిరగమంటే తిరిగేది, నేను రాయడానికి బోర్డు వైపు మళ్లగానే మళ్లీ వెనక్కి తిరిగేది. మర్నాడు ఆ చోట్లో ఇంకో పిల్ల, అదే వేషం. నన్ను ఆటపట్టిస్తున్నారనుకుని, కోపం దిగమింగుకుని అడిగాను.

"మీరు బోర్డు దిక్కు మర్లంగనే మీ నోరు గనవడది టీచర్. నా ఎనుక బెంచిల ఉన్నదానికి ఇనరాదు గదా. అందుకే దినాం ఒకలం గిట్ల తిరిగి పెదాలతోని చెప్తం."

రెండో బెంచీలోని ఆ పిల్లకి చిన్నప్పుడు జ్వరంలో వినికిడి పోయింది. ఈసారి కూడా పాఠం అందుకోలేకపోతే దూరాన ఉన్న వేరే హాస్టల్ బడికి పంపేయవలసిందేనని, సుల్తాన్ బజార్‌లో బట్టల కొట్లో పనిచేసే వాళ్లమ్మకి పెద్ద టీచరుగారు అప్పటికే చెప్పేశారట. ఎవరూ నేర్పకుండానే వంతులు వేసుకున్నారు ఈ పిల్లలు! అందరికీ సమాన అవకాశం అని పుస్తకంలో బట్టీపట్టి వచ్చినదాన్ని, నాకు ఈ ఊహే రాలేదు.

నా పరీక్ష పాఠం రోజున మా లెక్చరరుగారూ, పెద్ద టీచరుగారూ వచ్చి వెనక కూర్చున్నారు. వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లని లెక్చరరుగారు గదమాయించి ముందుకి తిప్పారు. నేను సుద్దముక్క పక్కన పెట్టి, పిల్లల వైపే ముఖం ఉంచి పాఠం ముగించాను. తర్వాత ఆయన ముందుకొచ్చి, ఫైల్లోంచి తల ఎత్తకుండానే రెండో బెంచీలోని ఆ వినపడని పిల్లని చూపించి ప్రశ్న అడిగారు. ఆమె దిక్కుతోచక చూసింది. అంతే, ముందు బెంచీ మొత్తం వెనక్కి తిరిగింది, పక్క బెంచీల వాళ్లు ముందుకి వంగారు, అందరి పెదాలూ ఒక్కసారిగా, గొంతు లేకుండా కదిలాయి. అంత నిశ్శబ్దం నేను ఏ గుళ్లోనూ ఎరుగను. ఆ పిల్ల లేచి, తన ముద్ద గొంతుతో జవాబు చెప్పింది. వీళ్లే జవాబు అందించారని ఆయన మండిపడ్డారు.

వెనక నుంచి పెద్ద టీచరుగారు లేచారు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"జవాబు కాదు సార్, మీరడిగిందే చెప్పిన్రు. నేను చూసిన. ఈ పిల్ల యాడికీ పోదు, గీడనే ఉంటది."

క్రమశిక్షణ లేదని నాకు మార్కులు కోశారు. ఆ కోత చూసుకుని మురిసిపోయినదాన్ని బహుశా నేనొక్కదాన్నేనేమో.

ఇప్పుడు ఇలాంటి పిల్లల కోసం శిక్షణ పొందిన టీచర్లున్నారు, చెవి మిషన్లున్నాయి, గోడ నిండా వెలిగే బోర్డులున్నాయి; మన కాలంలో ఇవి ఉంటే ఎంత బాగుండేదో. కానీ క్లాసంతా ఆ వెలుగు వైపే చూస్తుంటే మనసు ఎందుకో చిన్నబోతుంది. అబిడ్స్‌లో ఏ బడి పక్కగా నడిచినా, బోర్డుకి వీపు పెట్టి కూర్చున్న పిల్ల ఒక్కతైనా కనిపిస్తుందేమోనని ఇప్పటికీ కిటికీలోంచి తొంగిచూస్తాను.