నోరు తెరిపించే సిస్టరమ్మ

మొన్న ఆదివారం పొద్దున కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. సిస్టరమ్మ చెల్లెలు మాట్లాడింది. అక్క ప్రార్థనకు తయారై కుర్చీలో కూర్చుందట, చెప్పులు తొడుక్కోవడానికి వంగిందట, మళ్లీ లేవలేదట. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, భయం. ఇక మా మనవరాలి నోరు ఎవరు చూస్తారు?

ఈ మాట మీకు వింతగా ఉంటుంది. చెబుతాను.

సిరిసిల్లలో మా వీధంతా సాంచాల చప్పుడే. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. ఆ చప్పుడులో ఆమె ముప్పై ఏళ్లు మా పక్కింట్లో అద్దెకు ఉంది. ఆసుపత్రిలో నర్సు. రిటైరయ్యాక కోరుట్లలో చెల్లెలి దగ్గరికి పోయి పదేళ్లైనా, నెలకోసారి బస్సెక్కి వచ్చేది. సంచిలో పెన్నంత టార్చి ఉండేది. ఇంట్లోకి రాగానే పిల్లల్ని వరసగా నిలబెట్టి నోరు తెరిపించి టార్చి కొట్టేది. కింది రెప్ప లాగి కళ్లు చూసేది. ఆ తర్వాతే చాయ్. పెద్దవాళ్లను కూడా వదిలేది కాదు.

"అంగట్ల ఎడ్లను కొనేటోళ్లు గిట్లనే పండ్లు చూస్తరు సిస్టరమ్మా. నన్ను ఎంతకు అడుగుతవ్?" అన్నాను ఒకసారి.

"నిన్ను ఊకెనే ఇచ్చినా వద్దు తమ్మీ. మేత దండుగ."

నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి, నా చదువంతా నోట్లోనే ఉంది. మా వీధిలో నా నోటికి జవాబు చెప్పగలిగింది ఆమె ఒక్కతే.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎవరింట్లోనైనా ఫిట్స్ గోళీలు కనబడితే చాలు, మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా గోళీ పడక ఒళ్లు పొక్కిందా అని అడిగేది. అడిగిన ఇంట్లోనే మళ్లీ అడిగేది. ఆమె గొంతు పెట్టి ఆ మాట అని వీధినంతా నవ్వించేవాణ్ణి. ఎందుకు అడుగుతుందని మాత్రం నేను అడగలేదు.

రెండేళ్ల కింద మా మనవరాలు బడికి పోయే ముందు జడ వేయించుకుంటూ పడిపోయింది. కళ్లు పైకి పోయాయి, చేతులు కొట్టుకున్నాయి. కోడలి పుట్టిల్లు జగిత్యాల, అక్కడి డాక్టరుకు చూపించాం. మీ ఇంట్లో ఇంకెవరికైనా మూర్ఛ ఉందా, ఏదైనా మందు పడని వాళ్లున్నారా అని ఆయన నెమ్మదిగా అడిగాడు. భయమైనప్పుడు నాకు వెటకారం ఎక్కువవుతుంది.

"మా ఇంట్ల రాళ్లు మింగినా అరుగుతయ్ సార్" అన్నాను.

డాక్టరు నవ్వాడు. మా చెల్లెకు మూర్ఛ ఉండేదన్న మాట నా నాలుక దాకా వచ్చింది. మా ఇంట్లో పైకి అనని మాట అది. మింగేశాను. ఎట్లాగూ చెల్లె పోయింది మూర్ఛతో కాదు, అమ్మవారు పోసి. ఈడొచ్చిన పిల్ల, నలభై ఏళ్ల కింద, ఇదే ఇంట్లో.

గోళీలు మొదలుపెట్టిన పదహారో రోజు మనవరాలికి జ్వరం వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి. మొహం మీద, ఛాతీ మీద మచ్చలు లేచాయి, పెదవులు పొక్కాయి, గుటక దిగలేదు. మా ఆడవాళ్లు చూడగానే అమ్మవారు అన్నారు. గుమ్మానికి వేపకొమ్మలు కట్టారు. పొయ్యి మీద తాలింపు బంద్ చేశారు. అమ్మవారున్న ఇంట్లో ఆసుపత్రి మాట ఎత్తకూడదు. జ్వరం మందు కూడా ఆపేశాం. ఫిట్స్ గోళీ మాత్రం ఒక్క పూట కూడా తప్పొద్దని డాక్టరు చెప్పాడు గదా. అది నలిపి, నీళ్లలో కలిపి, చెంచాతో నేనే తాగించాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

నీ ముక్కు నచ్చి అమ్మవారు వచ్చిందని పిల్లను నవ్వించబోయాను. పెదవి చిట్లి రక్తం వచ్చింది.  చెల్లె పెదవులు కూడా అట్లాగే అయ్యాయి. మూడో రోజు దాటాక సిస్టరమ్మకు ఫోన్ చేశాను, ఆసుపత్రి కోసం కాదు, ప్రార్థన చేయమని.

ఆమె మొదటి బస్సుకే వచ్చింది. వేపకొమ్మలు తప్పించుకుని లోపలికి నడిచి, పిల్ల నోట్లో టార్చి కొట్టింది. కింది రెప్ప లాగి కళ్లు చూసింది.

"గిది అమ్మవారు గాదు. గోళీ పడలే. ఇంకొక్కటి గూడ ఎయ్యద్దు. ఆటో పిలువుండ్రి."

అమ్మవారున్న పిల్లను గడప దాటిస్తే ఇల్లు నాశనమైపోతుందని నా ముసల్ది అడ్డం నిలబడింది. సిస్టరమ్మ వాదించలేదు. కింద కూర్చుని నా మొహం చూసింది.

"తమ్మీ, మీ చెల్లెకు గూడ అమ్మవారు పోయలే. గిసోంటి గోళీయే. నా చేతులతోనే ఇచ్చిన. అప్పుడు మాకు తెల్వది. తెల్సినంక నీకు చెప్పుటానికి నోరు రాలే."

సాంచాలు ఆడుతూనే ఉన్నాయి గానీ, నాకు చప్పుడు వినబడలేదు. నా ముసల్ది తనంతట తనే పక్కకు జరిగింది. గోళీల షీటు పట్టుకుని సిస్టరమ్మ మాతో పాటే ఆటో ఎక్కింది.

పెద్దాసుపత్రిలో పన్నెండు రోజులున్నాం. పిల్ల ఒంటి మీది తోలు పొరలుగా లేచింది. కళ్లు పోతాయేమోనన్నారు, ఉన్నాయి. ఆ పన్నెండు రోజులూ నేను ఒక్క పెంకి మాట మాట్లాడలేదు.

అక్కడి డాక్టరమ్మ నాలాంటివాడికి కూడా అర్థమయ్యేటట్టు చెప్పింది. ఆ గోళీ చెడ్డది కాదట, ఎంతోమందిని నిలబెట్టిందట. కానీ కొందరి ఒంట్లో తల్లి నుంచో తండ్రి నుంచో పుట్టుకతోనే వచ్చిన ఒక గుర్తు ఉంటుందట. ఆ గుర్తున్న వాళ్లలో కొందరికి ఆ గోళీ వేస్తే ఒళ్లు తన తోలును తానే కాల్చుకుంటుందట. ఇప్పుడు రక్తం పరీక్ష చేసి ముందే చూసుకోవచ్చట. చేశారు. పిల్లకు ఉంది. నా కొడుక్కు ఉంది. నాకూ ఉంది. మనవరాలికి నా ముక్కు వచ్చింది, నా నోరు వచ్చిందని వీధంతా చెప్పుకుని మురిసినవాణ్ణి. ఇది కూడా నా నుంచే పోయింది.

ఇంటికి వచ్చాక సిస్టరమ్మ నూలు డబ్బా అట్ట చింపి, ఎర్ర పెన్నుతో ఆ గోళీ పేరు రాసింది. కింద 'ఈ ఇంటి రక్తానికి పడదు. ఏ డాక్టరుకైనా ముందు ఇది చూపించాలి' అని రాసింది. కథలాపూర్‌లో ఒకరికి, ఎల్లారెడ్డిపేటలో ఒకరికి, మా రక్తసంబంధీకులందరికీ అట్లాంటి అట్టలు నేనే మోసుకుపోయి ఇచ్చాను. ఇంటి జబ్బును ఊరంతా చాటుతున్నావని ఒక తమ్ముడు నాతో మాట్లాడడం మానేశాడు. అట్ట మాత్రం పారేయలేదు.

పిల్లకు వేరే గోళీ పెట్టారు. దానికి కూడా తొలి నెలల్లో కనిపెట్టుకుని ఉండమన్నారు. అప్పటి నుంచి సిస్టరమ్మ వారం వారం వచ్చింది. నెలలు గడిచాయి, ఫిట్స్ రాలేదు, ఆమె రావడం మానలేదు. ఇంకా ఎందుకు ఈ తిప్పలని ఒకసారి అడిగాను. వెటకారంగా కాదు.

"భయమైతది తమ్మీ. భయమైనప్పుడల్లా ఒక నోరు చూస్త. మంచిగుంటే ఆ పూటకు పానం నిమ్మలమైతది."

నలభై ఏళ్లు నేను ఎడ్ల బేరం అని నవ్వింది ఈ భయాన్ని చూసే.

ఆదివారం మధ్యాహ్నానికి కోరుట్ల చేరాం. తెల్ల చీరలో, పెట్టెలో పడుకోబెట్టారు. టార్చి తల పక్కన పెట్టారు. పాట పాడుతున్నారు. నా మనవరాలు నా చెయ్యి విడిచి పెట్టె దగ్గరికి పోయింది. దండం పెడుతుందనుకున్నాను. ముందుకు వంగి, కళ్లు పెద్దవి చేసి, నోరు తెరిచి నిలబడింది. పాడేవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు.

ఏదో ఒకటి అని నవ్వించాల్సినవాణ్ణి నేను. పోయి దాని పక్కన నిలబడి, నేనూ నోరు తెరిచాను.