కార్తీకంలో కోడి మెడలు

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి రిటైరయ్యాక మేం చీపురుపల్లి వచ్చేశాం. ఆయన వెంట బెంగాలీ భాష వచ్చింది, ఒక బెంగాలీ డిటెక్టివ్ మీద పిచ్చి కూడా వచ్చింది. ఆ డిటెక్టివ్ ధోవతి కట్టుకునే మామూలు మనిషి. తుపాకీ పేల్చడు, ఎవరినీ తరమడు. కూర్చుని ఆలోచిస్తాడు. ఆ కథలన్నీ నాన్న తెలుగులో చెబుతుంటే వింటూ పెరిగాను.

రెండేళ్ళ కిందట కార్తీకమాసంలో ఒక ఉదయం మా కుక్క పెరటి గోడవార చచ్చిపడి ఉంది. నోట్లో నురగ. పక్కన అడ్డాకులో సగం తిన్న కోడి మెడలు, పురుగులమందు కంపు. కళ్ళు తెరవని పిల్లప్పుడు తెచ్చి సీసాతో పాలు పట్టి పెంచాను దాన్ని. ఎవరు చేశారో తేలేదాకా ఏడవకూడదనుకున్నాను.

నాన్న నా పక్కన చతికిలబడి అడిగాడు. “మన డిటెక్టివుంటే ముందు ఏటడుగుతాడే?”

“ఇది చస్తే ఎవరికి సుఖం అని.”

మా కుక్క వీధిలో ఒక్కరినే చూసి మొరిగేది. వీధి చివరింట్లో ఉండే రిటైరైన మాస్టారు తెల్లారుజామున మా గోడ మీంచి చెయ్యి చాపి నందివర్ధనాలు కోసుకుపోయేవాడు. దేవుడి పనికి కుక్క అడ్డమొస్తోందని నాతో రెండు మూడుసార్లు తగువు కూడా పెట్టుకున్నాడు. కానీ కార్తీకంలో ఆయన ఉల్లిపాయ కూడా ముట్టడు. ఆయన చేతికి కోడి మాంసం ఎలా వచ్చింది?

చికెన్ కొట్టుకి వెళ్ళాను. కొట్టతను ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

“ఈ నెల్లో మీ వీధోలెవులూ రానేదమ్మా. మాస్టారొక్కరే వచ్చినారు. కుక్కకని సెప్పి మెడలట్టుకెళ్ళినారు.”

మాస్టారింట్లో కుక్క లేదు.

నాన్న ఆయన్ని చాటుగా పిలిచి అడుగుదామన్నాడు. “ఆ డిటెక్టివయితే అలాగే సేస్తాడే. మనిషి పరువు తియ్యడు.”

“నీ డిటెక్టివ్ కుక్కని పెంచలేదు నాన్నా.”

ఆ ఆదివారం మామిడితోటలో మా వీధివాళ్ళ వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద పూజ చేయించింది మాస్టారే. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక నేను పులిహోర గిన్నె పట్టుకుని ఆయన ముందు ఆగాను.

“మాస్టారూ, మీ కుక్క బాగుందా?”

“మాకు కుక్కేటమ్మా?”

“మరి కోడిమెడలు ఎవరికి కొన్నారు?”

ఆయన చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు ఆయన వైపు తిరిగారు. ఆయన భార్య మొగుడి మొహంలోకి చూసి, విస్తరి మడిచి లేచిపోయింది. నేను మాత్రం పక్క విస్తట్లో పులిహోర వడ్డించి ముందుకు నడిచాను. ఆ రోజు కడుపునిండా తిన్నాను. ఇంటికొచ్చి అప్పుడు ఏడ్చాను.

మర్నాడు ఆవిడ మా గేటు దగ్గరికొచ్చింది. “తప్పయిపోనాదమ్మా. పెద్దాయన, వొగ్గేయ్.”

“మీ మీద నాకేం కోపం లేదండీ. ఆయన్నే వచ్చి అడగమనండి.”

ఆయన ఇంతవరకూ రాలేదు. బజార్లో నన్ను చూస్తే సందులోకి తిరిగిపోతాడు. ఆ సందు ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు. నా పని పక్కనబెట్టి ఆ చివరికి వెళ్ళి నిలబడతాను.